మగ్గపు లెక్కయు ఫోర్ట్రాను భాషయు

గణకయంత్రమనగా నేమో, అది అంకెలను తన జ్ఞాపకమునం దెట్లు నిలుపుకొనునో గత మాసమున ముచ్చటించుకొంటిమి. అది చదివినవారిలో కొందరు, “యంత్రముతో మాటలాడుట యెట్లు? ఆ భాష మాబోటి గృహిణులకు పట్టుపడునా?” అని ప్రశ్నించిరి. తప్పక పట్టుపడును. ఏలన, ఆ భాషలోని మూల విషయములు మూడే: సమాసము, షరతు, ఆవృత్తి. ఏమి లెక్కింపవలెనో చెప్పునది సమాసము. ఎప్పు డేది చేయవలెనో చెప్పునది షరతు. చేసినపనినే యెన్నిమారులు చేయవలెనో చెప్పునది ఆవృత్తి. దీనినే లూపు అందురు. చాకలిపద్దు, పాలపద్దు వ్రాసికొను ఇల్లాలు ఈ మూడింటిని పేరెరుగకయే నిత్యము వాడుచున్నది.

ఈ సంగతి నాకు మొన్న వేటపాలెమున మరింత స్పష్టమైనది. వేటపాలెము ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 1970 నుండి ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను చేరియున్నది. చీరాల ప్రక్కనున్న ఈ యూరికి రెండు సంపదలు కలవు. ఒకటి 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయము. పాత పత్రికలను పదిలపరచుటలో అది పేరుపొందినది. 1929లో మహాత్మాగాంధి దానిని దర్శించెను. రెండవది చేనేత. గ్రంథాలయమును చూచి మరలివచ్చుచు, పరిచయమున్న యొక నేతవారి ఇంట కొంతసేపు కూర్చుంటిని.

ఇంటి యజమాని గుంటమగ్గమున కూర్చుండి నేయుచుండెను. ఇల్లాలు రాట్నముకడ కండెలు చుట్టుచుండెను. వారి పెద్దమ్మాయి భౌతికశాస్త్రమున ఎం.ఎస్సీ. చదువుచున్నది. కళాశాలలో నేర్చిన ఫోర్ట్రాను భాషతో తమ యింటి కూలిలెక్క కట్టిచూతమని, యొళ్లో చిన్న గణకయంత్రమును పెట్టుకొని కూర్చున్నది. ఆ పూట అచట జరిగినదే నేటి మన పాఠము. చీరల సంఖ్యలు, కూలిదరలు మాత్రము లెక్క తేలికగా తెలియుటకై నేను మార్చి వ్రాయుచున్నాను. వానిని ఏ యూరి దరలుగాను భావింపవలదు.

ముందుగా ఈ భాష పుట్టుక నాలుగు మాటలలో చెప్పెదను. 1954లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థయందు జాన్ బాకస్ అనునతడు కొద్దిమందిని కూర్చుకొని ఈ పని కారంభించెను. అంతకుముందు యంత్రమునకు పని చెప్పవలెనన్న యంత్రపు సంకేతములలోనే వ్రాయవలసియుండెను. అది దుర్భరమగు పని. బడిలో వ్రాయు గణితసూత్రమువలె వ్రాసిన చాలును, దానిని యంత్రపు భాషలోనికి యంత్రమే మార్చుకొనవలెనన్నది వారి సంకల్పము. సూత్రములను అనువదించునది గనుక ‘ఫార్ములా ట్రాన్స్‌లేషను’ అని పేరుపెట్టి, దానినే కుదించి ఫోర్ట్రాను అనిరి. 1957లో ఐ.బి.ఎం. 704 అను యంత్రముతో అది లోకమునకు వచ్చెను. ఆ బృందమున స్త్రీలును ఉండిరని మనము గుర్తుంచుకొనవలెను. గణితము చదివి, కళాశాలనుండి నేరుగా ఆ కొలువున చేరిన లోయిస్ హెయిబ్ట్ అనునామె, ప్రోగ్రాములో ఏ భాగము ఏ దారిని ఎన్నిమారులు నడచునో విచారించు భాగమును నిర్మించెను. క్రొత్తగా నేర్చువారికై తొలి వాచకమును వ్రాసినదియు గ్రేస్ మిచ్చెల్ అను స్త్రీయే. మన దేశమున 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి గణకయంత్రము వచ్చినపిదప విద్యార్థులు ఈ భాషను నేర్వసాగిరి.

ఇక పాఠమునకు వత్తము. ఆ అమ్మాయి మొదట వ్రాసిన పంక్తి యిది:

కూలి = 7 * 650 - 300

ఒక పడుగున 7 చీరలు. చీరకు 650 రూపాయలు. ముందు పుచ్చుకొనిన బయానాక్రింద కోత 300. చుక్క గుర్తు గుణకారము. యంత్రమునకు ఈ పేర్లను ఇంగ్లీషు అక్షరములలోనే వ్రాయవలెను. మన సౌకర్యమునకై ఇచట తెలుగున వ్రాయుచున్నాను. కుడివైపున నున్న ‘7 * 650 - 300’ అనునది సమాసము. వ్యాకరణమున రెండు పదములు కలసి యొక పదమగునట్లే, ఇచట పెక్కు అంకెలును పేర్లును కలసి తుద కొక్క విలువ యగును. ఎడమవైపునున్న ‘కూలి’ యనునది చరరాశి. దానిని పేరు వ్రాసి అంటించిన డబ్బాగా తలపుడు. వంటింట ‘కందిపప్పు’ అని వ్రాసిన డబ్బాలో నేడు శేరుండును, రేపు సోలెడుండును. పేరు మారదు, లోనిది మారును. చరరాశియు నట్లే.

నడుమనున్న గుర్తు బడిలో నేర్చిన సమానచిహ్నము వంటిదే యైనను, అర్థము వేరు. కుడివైపు లెక్క కట్టి, వచ్చినదానిని ఎడమవైపు డబ్బాలో వేయుమని దాని తాత్పర్యము. కావుననే ఈ భాషలో ‘మొత్తము = మొత్తము + 650’ అని వ్రాయుట తప్పుగాదు. డబ్బాలో నున్నదానికి 650 చేర్చి, తిరిగి ఆ డబ్బాలోనే పోయుమని దాని యర్థము. ఈ యొక్క సంగతి మనసునకెక్కినచో ఫోర్ట్రానులో సగము భయము తీరును.

పై సమాసమున యంత్రము ముందు గుణించి, పిదప తీసివేయును. 7 ఏడువందలయేబదులు కావు సుమా, ఏడు ఆరువందలయేబదులు: 4550. అందు 300 పోగా 4250. కుండలీకరణములు పెట్టి ‘7 * (650 - 300)’ అని వ్రాసినచో, ముందు కుండలీకరణములలోనిది తేల్చి, 350ని 7తో గుణించి, 2450 అనును. అంకెలవే, గుర్తులవే, రెండు చిన్న వంకరగీతలవలన ఒక సంసారమునకు 1800 రూపాయలు తగ్గినవి. ఒకేమారు కోయవలసిన బయానాను చీరచీరకును కోసినట్లయినది. యంత్రము తప్పుచేయలేదు, మనము చెప్పినదే చేసినది.

రెండవ పంక్తియం దొక వింత జరిగినది. ఆ మాసమున వానలు కురిసి మగ్గపు గుంటలోనికి నీరు ఊరినది. ఏడు చీరలలో నాలుగు నేయునప్పటికి పని నిలిచినది. పడుగంతటికి కూలి 4550 అని బేరము గనుక, నాలుగు చీరల వంతు ఎంతయో తెలియవలెను. అమ్మాయి ఇట్లు వ్రాసెను:

వంతు = 4 / 7 * 4550

యంత్రము వెంటనే సున్న అని చూపినది! అమ్మాయి తెల్లబోయినది. తల్లి రాట్నము నాపి, “నాలుగు చీరలు నేస్తే సున్నానా? మీ మిషనుకంటే షావుకారే నయమే!” అని నవ్వినది.

కారణ మిది. ఫోర్ట్రానులో అంకెలు రెండు జాతులు. దశాంశపు చుక్క లేని 4, 7 వంటివి పూర్ణాంకములు. చుక్క పెట్టి వ్రాసిన 4.0, 7.0 వంటివి వాస్తవ సంఖ్యలు. పూర్ణాంకమును పూర్ణాంకముతో భాగించినచో యంత్రము భాగఫలమును మాత్రమే యుంచుకొని శేషమును పారవేయును. 7ను 2తో భాగించిన 3 అనును గాని మూడున్నర యనదు. 4లో 7 ఒక్కమారును పోదు గనుక ‘4 / 7’ సున్న యైనది. సున్నను 4550తో గుణించిన సున్నయేగదా! అదే ‘4 * 4550 / 7’ అని వ్రాసినచో, గుణకార భాగహారములను ఎడమనుండి కుడికి వరుసగా చేయును గనుక, 18200ను 7తో భాగించి సరిగా 2600 అనును. ఐనను భాగింపగా శేషము మిగులు చోట్ల పైసలు పోవుచునే యుండును. కావున ‘4.0 / 7.0 * 4550.0’ అని చుక్కలు పెట్టి వ్రాసికొనుట క్షేమము. వాస్తవ సంఖ్యలలో కడపటి స్థానములయందు అతిసూక్ష్మమగు తేడా రావచ్చును గాని, నాలుగు చీరల కష్టము సున్న కాదు.

ఈ జాతిభేదమున మరొక మర్మము కలదు. ప్రత్యేకముగా చెప్పనిచో, ఇంగ్లీషు అక్షరములలో ఐ మొదలు ఎన్ వరకు గల యక్షరములతో ప్రారంభమగు పేర్లన్నియు పూర్ణాంకముల డబ్బాలని ఫోర్ట్రాను తలచును. తక్కినవి వాస్తవ సంఖ్యలవి. ఈ పాత యాచారమువలన మోసపోకుండుటకు, ప్రోగ్రాము మొదటనే ‘ఇంప్లిసిట్ నన్’ అని వ్రాసి, ఏ డబ్బా ఏ జాతిదో విడివిడిగా చెప్పుకొనుట నేటి మంచి పద్ధతి. అప్పుడు పేరులో ఒక్క యక్షరము తప్పినను, ఈ డబ్బా నే నెరుగనని యంత్రము మనలను ముందే హెచ్చరించును.

రెండవ విషయము షరతు. మనము మాటలలో ‘అయినచో’, ‘కానిచో’ యనునవే ఈ భాషలో ‘ఇఫ్’, ‘ఎల్స్’. వారి బేరమున, పడుగు 25 దినములు మించి ఆలస్యమైనచో 200 రూపాయలు కోత. అమ్మాయి వ్రాసినది:

ఇఫ్ (దినములు >= 25) దెన్
  కూలి = కూలి - 200
ఎండ్ ఇఫ్

పై గుర్తునకు ‘25 గాని, అంతకెక్కువ గాని యైనచో’ అని యర్థము. కూతురు చదివి వినిపింపగా తల్లి వెంటనే పట్టుకొన్నది. “ఇరవై అయిదో రోజు పొద్దుగూకేలోపల దింపితే మాట నిలబడ్డట్టే. అప్పుడూ రెండొందలు కోస్తావేమే?” అన్నది. నిజమే. ‘మించినచో’ యన్న మాటకు తగిన గుర్తు ‘>’ మాత్రమే. దాని ప్రక్కన నిలిచిన రెండు చిన్న గీతలు ఇరువది యైదవనాటి సాయంకాలమున పని ముగించినవారి నోటినుండి 200 రూపాయలు లాగివేయును. షరతు వ్రాయునపుడు సరిహద్దున నిలిచినవారి గతి యేమో తప్పక విచారింపవలెను. 24వ దినము, 26వ దినము ఎవ్వరికైనను తెలియును. తగవు వచ్చునది 25వ దినమునందే. కావున షరతు వ్రాసినపిదప 24, 25, 26 అను మూడంకెలను వేసి మూడుమారులు పరీక్షించి చూచుకొనుడు.

మొదటి ఫోర్ట్రానులో షరతు ఇట్లుండలేదు. 1957నాటి ‘ఇఫ్’ త్రాసువంటిది. కుండలీకరణములలో ఒక సమాసమును వ్రాసి, ప్రక్కన మూడు పంక్తుల సంఖ్యలను వ్రాయుదురు. సమాసపు విలువ సున్నకు తక్కువైనచో మొదటి పంక్తికి, సరిగా సున్నయైనచో రెండవదానికి, ఎక్కువైనచో మూడవదానికి యంత్రము పోవును. ‘దినములు - 25’ అని వ్రాసినచో, గడువులోపల, గడువునాడు, గడువుదాటి యని మూడు దారులు వేరువేరుగా కనబడును. వ్రాయుట చిక్కైనను, సరిహద్దును మరచుటకు వీలులేదను గుణ మందు కలదు. ‘అయినచో, కానిచో’ యని చక్కగా వ్రాయు పద్ధతి ఫోర్ట్రాను 77 అను తరమున భాషలో స్థిరపడినది. మూడుదారుల ‘ఇఫ్’ను 2018నాటి ప్రమాణమునుండి తొలగించిరి.

మూడవది ఆవృత్తి. మగ్గము దగ్గర కూర్చున్నవారికి దీనిని వేరుగా బోధింపనక్కరలేదు. కాలితో త్రొక్కుట, నాడె విసరుట, పేకపోగును లోనికి బిగించుట. మరల త్రొక్కుట, మరల విసరుట. ఫోర్ట్రానులో దీనికి ‘డూ’ అని పేరు:

మొత్తము = 0
డూ ఐ = 1, 7
  మొత్తము = మొత్తము + 650
ఎండ్ డూ
ప్రింట్ *, మొత్తము

‘ఐ’ యనునది లెక్కపెట్టు గింజ. అది 1 మొదలు 7 వరకు ఒక్కొక్కటిగా పెరుగును. పెరిగినప్పుడెల్ల నడుమనున్న పంక్తి యొకమారు జరుగును. తుదకు 4550 అచ్చగును. ‘7 * 650’ అని యొక్క మాటలో తేలుదానికి ఇంత యేల యందురేమో. చీరచీరకు దర వేరైనచో గుణకారము చాలదు; ఆవృత్తి కావలెను.

ఇచట రెండు జాగ్రత్తలు కలవు. మొదటిది: ఆవృత్తికి ముందు ‘మొత్తము = 0’ అని డబ్బాను కడిగి బోర్లించుట మరువరాదు. మరచినచో లోపల వెనుకటి పిండి ఏముండునో యెవరికెరుక! ఆ పంక్తిని ఆవృత్తి లోపల వ్రాయుటయు తప్పే. అప్పుడు ప్రతి చీరకును డబ్బా కడుగబడి, తుదకు ఒక్క చీర కూలి 650 మాత్రమే మిగులును.

రెండవది: చీర యొక్కటియు నేయని మాసము మాట. నీరూరిన గుంటతో నెలంతయు గడచినచో, ‘డూ ఐ = 1, 0’ అగును. నేటి ఫోర్ట్రాను షరతును ముందు చూచి, లోనికి పోకుండనే దాటిపోవును. తొలినాటి ఫోర్ట్రాను అట్లుగాక, ముందొకమారు పని చేసి, పిదప చాలునా యని చూచెడిది. నేయని చీరకొకదానికి కూలి లెక్కకు వచ్చెడిది. ముందు చూచి పిదప చేయు పద్ధతి 77వ తరముతో నియమమైనది. అప్పు లెక్కలలో ఈ తేడా యెట్టిదో యూహించుడు: అప్పే తీసికొనని వానికి ఒక నెల వడ్డీ పడినట్లే.

ఎన్నిమారులో ముందు తెలియనప్పుడు ‘డూ వైల్’ అని వ్రాయుదురు. ‘డూ వైల్ (నూలు > 0)’ అనగా కండెలో నూలున్నంతవరకు చేయుమని. లోపల నాడె విసరినప్పుడెల్ల నూలు తగ్గుచున్నట్లు వ్రాయవలెను. అది మరచినచో, కండె యెన్నటికిని తరుగదు, యంత్ర మెన్నటికిని నిలువదు. ఇక ఆవృత్తిలో ఆవృత్తియు నుండవచ్చును. అంచున ఒక పువ్వునకు 24 పేకపోగులు, చీర పొడవున 100 పువ్వులు అనుకొందము. వెలుపలి ఆవృత్తి పువ్వులకు, లోపలిది పోగులకు. నాడె 2400 మారులు పోవును. లోపలి ఆవృత్తిలో ఒక్క పోగు తప్పినచో ఆ తప్పు 100 పువ్వులలోను వచ్చును. ఆవృత్తి పనిని పెంచును; తప్పునుగూడ నంతే పెంచును.

పువ్వును లెక్కగా వ్రాయుట ఇప్పటి మాటగాదు. 1804లో ఫ్రాన్సు దేశమున జాకార్డు అనునతడు రంధ్రములుగల అట్టలతో పడుగుపోగులను లేపు మగ్గమును సిద్ధపరచెను. ఆ జాకార్డు పెట్టె మన నేతపల్లెలకును పరిచితమే. ఆ యట్టలనుచూచియే బాబేజి తన గణకయంత్రమున కట్టలు వాడదలచెను. ఆ యంత్రమును జాకార్డు మగ్గముతో పోల్చి 1843లో వివరించినది అడా లవ్‌లేస్ అను స్త్రీరత్నము. తొలినాటి ఫోర్ట్రానును గూడ రంధ్రముల అట్టలమీదనే వ్రాసిరి. అట్టకు 80 నిలువుగడులు; ఆజ్ఞను 7వ గడినుండి 72వ గడిలోపల ముగింపవలెను. కావున ఈ విద్య నేతవారి యింటికి పరదేశపు చుట్టముగాదు; చిరకాలమునకు పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ.

“ఇంత పాతభాషతో నేడేమి పని?” యందురా? 2023 డిసెంబరు 5న మిచౌంగు తుపాను బాపట్ల తీరమున ఒడ్డుదాటినది. అట్టి తుపానుల దారిని ముందుగా కనుగొనుటకు వాడు గణితములలో అధికభాగము నేటికిని ఫోర్ట్రానులోనే కలదు. ఆకాశమును గళ్లచీరవలె గళ్లుగళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో గాలి, వేడి, తేమ ఎట్లు మారునో సమాసములు వ్రాసి, గడిగడికిని, క్షణక్షణమునకును ఆవృత్తులు నడపుదురు. ఆ హెచ్చరిక సకాలమున వచ్చినచో నేతవారు నూలును, పడుగును మెట్టకు చేర్చుకొందురు. ఇంటివారి ప్రాణములును దక్కును.

మరల ఆ యింటి కథకు వత్తము. అమ్మాయి లెక్కలన్నియు సరిదిద్దుకొని, ప్రోగ్రామును మొదటినుండి తుదివరకు తల్లికి చదివి వినిపించినది. చీరలు వచ్చినవి, దర వచ్చినది, దినములు వచ్చినవి, కోతలు వచ్చినవి. తల్లి యంతయు విని, చేతిలోని కండెను చూపి, “బాగానే ఉందిగాని, అమ్మాయీ, నా కండెల మాట ఎక్కడ రాశావే?” అని యడిగినది.

అమ్మాయి మాటలాడలేదు. ఆ ప్రోగ్రాములో అట్టి డబ్బాయే లేదు. ఇల్లాలు కండెలు చుట్టనిదే నాడె కదలదు. ఆసుపోయుటయందును, గంజిపెట్టుటయందును ఆమె చేయి లేక జరుగదు. ఐనను చీరకు కూలియనునది మగ్గము పేరనే వచ్చును. రాట్నము పేర రాదు. సమాసమున పేరులేనిది లెక్కకు రాదు. దానిని ఆవృత్తిలో ఏడుమారులు త్రిప్పినను, నూరుమారులు త్రిప్పినను రాదు.

కొంతసేపటికి అమ్మాయి రెండు క్రొత్త డబ్బాలను చేర్చినది. ఒకటి ‘కండెగంటలు’, రెండవది ‘కండెదర’. చీరకు అయిదు గంటల చొప్పున, ఏడు చీరలకు 35 గంటలని తల్లి వ్రేళ్లమీద లెక్కపెట్టి చెప్పినది. “మరి దర ఎంతని వెయ్యమంటావమ్మా?” అని కూతు రడిగినది. తల్లి తండ్రివైపు చూచినది. తండ్రి మగ్గమువైపు చూచుకొనెను. ఎవ్వరును బదులు చెప్పలేదు. అమ్మాయి అచట 0 వేసి, ‘35 * 0’ సున్నయే వచ్చునని చూపి, “ఏం లాభం, తీసేస్తానమ్మా” అన్నది.

“తీసెయ్యకే. సున్నా అయితే అయింది, గడి మాత్రం ఉంచు. నా పని ఉన్నట్టు తెలుస్తుంది. రేపెవరన్నా చూసినప్పుడు, ఈ సున్నా ఎందుకని అడుగుతారుగదా!” అని ఆ తల్లి మరల రాట్నము త్రిప్పసాగినది.

పాఠపుస్తకముల నెన్నిటినో చదివితినిగాని, ఇంత చక్కని పాఠమును నే నెరుగను. లేని గడికిని, సున్న వేసిన గడికిని ఎంతయో భేదము కలదు. గంటకు 30 రూపాయలని యొకనాడు దర కుదిరినచో, ఆ సున్న చోట 30 వేసిన చాలును. 1050 రూపాయలు తమంత తామే పైకి వచ్చును. గడియే లేకున్నచో ఆ ప్రశ్నయే పుట్టదు.

కావున సోదరీమణులారా, ఈ భాషను మీరు నేర్చినను, పిల్లలచేత చెప్పించుకొని వినినను, మూడు ప్రశ్నలు తప్పక వేయుడు. సమాసమున ఎవరి పేరు లేదు? షరతున సరిహద్దునాడు నిలిచినవారి కేమగును? ఆవృత్తికి ముందు డబ్బా కడిగిరా? నేడు ఇంటి సరకుల చీటీ మొదలు ప్రభుత్వపు పెన్షనువరకు మన లెక్కలన్నియు యంత్రములు కట్టుచున్నవి. యంత్రమునకు దయయు లేదు, ద్వేషమును లేదు. వ్రాసినవారు మరచినదానిని అదియు మరచును, అంతే. మరువకుండ చూచుకొనుట లెక్క తెలిసినవారి పని. ఇంటిలెక్క మనకంటె తెలిసినవా రెవరు?

అభ్యాసమున కొక లెక్క: మీ యింట పాలు దినమునకు లీటరు, ఆదివారములు మాత్రము లీటరున్నర, పాలు రానిదినములు సున్న. నెలకు ఎన్ని లీటర్లో తేల్చుటకు ‘డూ’తోను ‘ఇఫ్’తోను ఒక ప్రోగ్రామును కాగితముమీద వ్రాయుడు. యంత్ర మక్కరలేదు, పెన్సిలు చాలును. లీటరున్నరను పూర్ణాంకపు డబ్బాలో పోసినచో అర లీటరు ఒలికిపోవునని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.

వచ్చు మాసమున, ఒకే పేరుక్రింద వరుసగా పెక్కు డబ్బాలను పేర్చు విధమునుగూర్చి ముచ్చటించుకొందము.